ఖాళీ అని రాసిన పదకొండు నిమిషాలు

వేలిముద్ర యంత్రం మల్లమ్మను మూడుసార్లు కాదంది. వేలు కొంగుకు తుడుచుకుని ఆమె నాలుగోసారి పెట్టింది. వైట్‌ఫీల్డ్‌లోని ఆ పెద్ద ఆసుపత్రి వెనక గేటు దగ్గర, ఉదయం షిఫ్టు ఆయాలంతా చూస్తుండగానే, కాంట్రాక్టరు మనిషి నాగరాజ్ వచ్చి ఆమె మెడలోని కార్డు లాగేసుకున్నాడు.

"నీ పేరు తీసేసినారు. పక్కకు జరుగు."

"తొమ్మిదేండ్లు చేసినా కదప్పా. ఏమి తప్పు చేస్తి?"

"పైనుంచి రిపోర్టు వచ్చుండాది. మీరు పన్నెండు మంది ఎక్కువంట."

ఆ రిపోర్టు రాసిన కళ్యాణి వరుస పక్కనే టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది.

కళ్యాణిది హిందూపురం. ఆసుపత్రుల నిర్వహణలో పీజీ చదువుతోంది. ఇక్కడ ఫెలోషిప్ వచ్చిందని ఇంట్లో మిఠాయిలు పంచారు. ఫెలోలు ఆరుగురు, ఒక్కొక్కరికి ఒక్కో అంతస్తు. ఒకరితో ఒకరు పని సంగతులు మాట్లాడకూడదని, కింది సిబ్బందితో అసలే కలవకూడదని మేనేజర్ హేమంత్‌కుమార్ మొదటిరోజే చెప్పాడు. డాక్టర్ల బల్ల దగ్గర ఆమెకు చోటు లేదు. ఆయాల దగ్గరికి పోతే వాళ్లు మాటలు ఆపేసేవారు. నాలుగు నెలలుగా మెట్ల మీద ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది. మనిషిని మనిషికి కాకుండా చేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టడం యాజమాన్యాలకు వెన్నతో పెట్టిన విద్య.

ఆయాలు ఏ పనికి ఎన్ని నిమిషాలు తీసుకుంటున్నారో గడియారం పట్టుకుని రాయడం ఆమె పని. ఫారంలో ఊడ్వడం, తుడవడం, దుప్పట్లు మార్చడం అని గళ్లున్నాయి. వాటిలో పట్టనిదంతా చివరి గడిలో రాయాలి. ఆ గడి పేరు ఖాళీ.

మధ్యాహ్నం లాండ్రీ షెడ్డులో ఆయాలు కూడారు. కళ్యాణి కూడా వెళ్లింది.

"గడియారం పిల్ల వచ్చుండాది. మన మాటలకు గూడా టైము రాసుకుంటాదేమో," అంది యూనియన్ పెద్ద ఈరమ్మ.

కళ్యాణి ముందుకు వచ్చింది. ఉన్నది చెప్పేసింది. "ఆ రిపోర్టు నేనే రాశాను. మల్లమ్మక్క పేరుకు పదకొండు నిమిషాలు ఖాళీ అని వేశాను."

షెడ్డంతా అట్టుడికింది. బయటికి తోయండన్నారు. మల్లమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఏ పొద్దు రాస్తివి?"

"పద్నాలుగో బెడ్డు తాత పోయిన రోజు."

మల్లమ్మ ఆమె వైపు ఒకడుగు వేసింది. "ఆయప్ప నా చెయ్యి ఇడిసిపెట్టలే. కొడుకు వచ్చేదాకా ఆడే నిలబడితి. నువ్వూ ఉంటివి గదమ్మా. నీ కండ్లల్లో నీళ్లు చూస్తి నేను. ఖాళీ అని ఎట్ల రాస్తివి?"

"దానికి గడి లేదక్కా."

ఆ జవాబు ఎంత హీనమైనదో నోరు దాటాక గాని తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

"గడి గీసినోళ్లు పైన ఉండారు. ఈ పిల్లను తిట్టేది తర్వాత తిడదాం," అంది ఈరమ్మ. "రేపు గేటు ముందర కూర్చుంటాం. ఆడ ఈ మాట చెప్తావా?"

"చెప్తే నా చదువు ఆగిపోతుంది."

"మా కూడు ఆగిపోయిండాది."

మరునాడు ఎవరూ యంత్రం మీద వేలు పెట్టలేదు. ఎమర్జెన్సీకి మాత్రం మనుషులను పంపి, మిగతా అందరినీ ఈరమ్మ గేటు ముందు కూర్చోబెట్టింది. తాను ఖాళీ అని వేసిన నిమిషాలన్నీ రాత్రంతా గుర్తు తెచ్చుకుని తెలుగులో రాసుకున్న నోటుపుస్తకం తీసి, కళ్యాణి నిలబడి చదివింది.

"ఆరు నిమిషాలు. బాలింతకు బిడ్డను ఎత్తుకోవడం నేర్పింది. నాలుగు నిమిషాలు. ఆపరేషన్‌కు వెళ్లే ముసలామె జడ వేసింది."

తన పని వినబడగానే ఒక్కో ఆయా చెయ్యెత్తింది. హేమంత్‌కుమార్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడే లోపలికి వచ్చేయ్. సర్టిఫికెట్ ఇప్పిస్తాను. లేదంటే కాలేజీకి లెటర్ పోతుంది."

కళ్యాణి పైకి చూసింది. అద్దాల వెనక ఐదుగురు ఫెలోలు నిలబడి ఉన్నారు. ఒక్కరూ కిందికి రాలేదు. మెట్ల మీద అన్నం తిన్నప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఆమె పేజీ తిప్పి మళ్లీ చదవసాగింది.

పోలీసులు వచ్చి ఈరమ్మను, మల్లమ్మను, కళ్యాణిని ఈడ్చుకెళ్లి వ్యాన్ ఎక్కించారు. మల్లమ్మ కళ్యాణిని క్షమించలేదు. కొంచెం జరిగి చోటు మాత్రం ఇచ్చింది.

గేటు దగ్గర హొసకోటె నుంచి వచ్చిన బస్సు ఆగింది. రెండో షిఫ్టు ఆడవాళ్లు దిగారు. యంత్రం వైపు ఎవరూ వెళ్లలేదు. కింద పడిపోయిన నోటుపుస్తకాన్ని వాళ్లలో ఏడో తరగతి దాకా చదివిన పుష్పావతి ఎత్తుకుంది. వ్యాన్ కదులుతుంటే, అక్షరాలు కూడబలుక్కుంటూ ఆమె చదవడం కళ్యాణికి వినిపించింది.