మూడో పాదంలో ఊపిరి

పాటల బృందంలో జీతానికి పాడే మెథడిస్టు క్రైస్తవ పిల్ల ఒకతె ఫక్కున నవ్వడంతో అమెరికాలో, సిన్సినాటిలోని ఒక యూదుల గుడికి పరువు పోయింది. శుక్రవారం ప్రార్థన చివర అందరూ కళ్లు మూసుకుని పాడే ఇంగ్లీషు కీర్తన, ఆదివారం వాళ్ల చర్చిలో ఏసు పేరు పెట్టి పాడేదేనట. మాటలు గుడివాళ్లవి, వరస చర్చివాళ్లది. పాటల కమిటీ పెద్ద హోర్టెన్స్ గారికి తల కొట్టేసినట్టయింది.

"మీరేం చేస్తారో నాకు తెలీదు ఫైబెల్ గారూ. మన కొత్త కీర్తనల పుస్తకం అచ్చుకెళ్లేలోగా మనదంటూ ఒక వరస కావాలి. ఇంకోసారి ఆ పిల్ల చేత నవ్వించుకోలేను," అంది.

పాటగాళ్లను నడిపే సైమన్ ఫైబెల్ మూడు రోజుల్లో వరస తెచ్చిచ్చాడు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పుస్తకంలో 'వరస: ఎస్. ఫైబెల్' అని పడింది.

నిజానికి ఆయన కట్టిందేమీ లేదు. అది జోరెఖ్ గారిది. లిథువేనియాలో ఊరూరా తిరిగి ప్రార్థనలు పాడే జోరెఖ్, తొమ్మిదేళ్ల సైమన్‌ను వెంట తిప్పుకుని, తన రొట్టెలో సగం పెట్టి నేర్పిన వరస. ఆయనిప్పుడు ఇదే ఊళ్లో, నాలుగు వీధుల అవతల ఉప్పుచేపలు అమ్ముకుంటున్నాడు. ఆ వాసన కోటుకి అంటుతుందని ఆరేళ్లుగా సైమన్ ఆ వీధి మొహం చూడలేదు.

చేపలు చుట్టే తమ భాష పాత పేపర్లో శిష్యుడి పేరు చూసి, కొత్త పుస్తకం తెరిచే సాయంత్రం జోరెఖే వచ్చాడు.

"ఇక్కడ టోపీ తియ్యాలి తాతా," అన్నాడు గుమ్మం దగ్గరాయన.

పాతకాలపు యూదుల ఆచారం ప్రకారం, బుద్ధెరిగాక దేవుడి ముందు ఒట్టి తలతో నిలబడని మనిషి, శిష్యుడి కోసం టోపీ తీశాడు. చివరి బెంచీలో కూర్చుని, అరచెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు.

కీర్తన మొదలైంది. ఇంగ్లీషు చదవడం రాని ముసలాయన మాటల్లేకుండానే గొంతు కలిపాడు. మూడో పాదం మధ్యలో పుస్తకంలో ఊపిరి గుర్తు ఉంది. మూడొందల మంది బుద్ధిగా ఆగారు. వెనకనుంచి ఒక్క గొంతు మాత్రం తెగకుండా సాగిపోయింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. సైమన్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అసలు వరసలో అక్కడ ఆగడమే లేదు. చిన్నప్పుడు తనకు దమ్ము చాలక ఆగేవాడు. అలాగే గుర్తుండి, అలాగే రాసిచ్చాడు.

ప్రార్థన అయ్యాక హోర్టెన్స్ గారు ముసలాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఈయనెవరండీ? మీ పాట మీకంటే బాగా పాడుతున్నాడే," అంది నవ్వుతూ.

మా గురువుగారు అంటే సరిపోయేది. సైమన్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"చేపలమ్ముకునే ఆయనండీ. మేం సాధన చేస్తుంటే కిటికీ కింద నిలబడి విని ఉంటాడు."

అనేశాక నాలుక కోసుకోవాలనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

జోరెఖ్ హోర్టెన్స్ గారి వైపు తిరిగాడు.

"అవునమ్మా, కిటికీ కిందే విన్నాను. మంచి వరస," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. తర్వాత గుమ్మం దాటి, టోపీ పెట్టుకుంటూ, సైమన్ వైపు తిరిగి చిన్నప్పటి ముద్దుపేరుతో తమ భాషలో మెల్లగా అన్నాడు, "మూడో పాదంలో నీకింకా దమ్ము చాలట్లేదురా, షిమెలే."

ఇప్పటికీ ప్రతి శుక్రవారం జనం అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటారు. సైమన్ తలొంచుకుంటాడు. ఆ గుర్తు తీయించేద్దామని చాలాసార్లు అనుకున్నాడు. తీయిస్తే ఎందుకని అడుగుతారు.