ఏం తోడు?

ఆస్పత్రి కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది, "పేషెంటు మీకేమవుతారు?"

"తోడు," అంది దెల్ఫీనా.

"ఏం తోడు?"

దెల్ఫీనా నా వైపు చూసింది. ప్యాకింగ్ బల్ల దగ్గర్నించి ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చిందేమో, ఆమె చేతులకి ఇంకా బిస్కెట్ పొడి అంటుకునే ఉంది. మెషీన్ దగ్గర పడిపోయిన మిర్తా తల దారిపొడవునా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. నేను ఫ్యాక్టరీ కార్మికుల అసెంబ్లీ కార్యదర్శిని, ఒఫేలియాని. మైకు పట్టుకుంటే జనాన్ని లేపి నిలబెడుతుందని పేరున్నదాన్ని. ఆ నిమిషాన నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పనిలో తోడు. ఒకే చోట పనిచేస్తారు."

"అయితే బయట కూర్చోండి. లోపలికి కుటుంబసభ్యులే," అంది ఆ అమ్మాయి. పేషెంటు ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అని కూడా అడిగింది. ఉంది. మిర్తా అన్న నంబరు నేనే ఇచ్చాను.

రాసుకోండి. మీరు కాలేజీ నుంచి బస్సు వేసుకుని వచ్చింది 2001లో మేం గేటు గొలుసు తెంచి ఫ్యాక్టరీని ఎలా స్వాధీనం చేసుకున్నామో వినడానికని నాకు తెలుసు. ఆ కథ నేను వందసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అందులో నన్ను కాస్త పెద్దదాన్ని చేసుకున్నాను. ఇవాళ ఇది చెప్తాను.

మేం కార్మికులం ఒకరినొకరు తోడు అనే పిలుచుకుంటాం. తోడు రూఫీనో, తోడు యమీలా. కరపత్రంలోనూ అదే, చచ్చిపోయినవాళ్ళని తలుచుకునేటప్పుడూ అదే. ఇంట్లో కలిసి బతికే మనిషినీ తోడనే అంటాం. మాట ఒకటే, కానీ అనే మనిషి మొహం చూస్తే ఏ తోడో తెలిసిపోతుంది. దెల్ఫీనా మొహంలో ఏముందో నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

మిర్తా సల్గేరో పిండి కలిపే మెషీన్ మనిషి. పిండి సరిగ్గా కలిసిందో లేదో చూడటానికి రెండు వేళ్ళతో ముద్దని నొక్కి, అవే వేళ్ళతో తన చెవితమ్మె నొక్కుకునేది. రెండూ ఒకేలా ఉంటే చాలు, మెషీన్ ఆపేసేది. యజమాని మూడు ట్రక్కులు తెచ్చి మెషీన్లు ఎత్తుకుపోబోయిన రోజున మొదటి ట్రక్కు ముందు పడుకున్నది మిర్తా. ఆమె పక్కన పడుకున్నది దెల్ఫీనా. నేను ఏడోదాన్నో ఎనిమిదోదాన్నో, చుట్టూ చూసుకుని పడుకున్నాను.

ఆస్పత్రిలో అలా ఎందుకన్నానంటే, దెల్ఫీనాని నలుగురి నోళ్ళలో పడకుండా కాపాడటానికని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మా వెనక క్యూలో మా వీధి ఆడవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు వింటారని నాకు సిగ్గేసింది. అంతకు మించి ఏమీ లేదు.

ముప్పయ్యేళ్ళు చెల్లెలి గుమ్మం తొక్కని అన్న వచ్చాడు. సంతకాలన్నీ ఆయనవే. దెల్ఫీనా మూడు రోజులు కారిడార్‌లో బెంచీ మీద కూర్చుంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒళ్ళో మాతే ఆకుల టీ తాగే బుర్ర. మాతే వంచి నాకు కూడా ఇచ్చింది. నేను తీసుకుని తాగాను కూడా. మూడో రోజు పొద్దున్న మిర్తా పోయింది. అన్న ఆమె శవాన్ని తన ఊరికి తీసుకుపోయి, తండ్రి సమాధిలో పెట్టించాడు. దెల్ఫీనా బస్సెక్కి అక్కడిదాకా వెళ్తే, శ్మశానం గేటు దగ్గర కూడా కుటుంబసభ్యులే అన్నారట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఇది 2010 ఏప్రిల్ సంగతి. మే నెలలో, ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ మగవాళ్ళు మగవాళ్ళనీ పెళ్ళాడవచ్చనే చట్టాన్ని దిగువసభ ఒప్పుకుంది. ఇక సెనేట్ మిగిలింది. సెనేట్ కమిటీ ఒకటి జనం ఏమంటారో వినడానికని ఊళ్ళు తిరుగుతూ జూన్‌లో మా ఊరు వస్తోంది. దానికి ముందు పెద్ద ఊరేగింపు. మనం వెళ్ళాలా వద్దా అని అసెంబ్లీ పెట్టాం.

మొదట లేచింది రూఫీనో. పొయ్యి దగ్గర నలభై ఏళ్ళు పనిచేసిన ముసలాయన. ఏటా మేరీమాత ఊరేగింపులో పల్లకీకి భుజం పట్టే మనిషి.

"మనం బిస్కెట్లు చేసుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళు చెయ్యడం మన పనా?" అన్నాడు. "గ్యాస్ ఆపేశారంటే రోడ్డు మీద కూర్చుంటా. దీనికొస్తే ఆదివారం ఫాదర్‌కి ఏ మొహం చూపించను?"

"ట్రక్కు ముందు ఫాదర్ పడుకున్నాడా తాతా?" అంది యమీలా. ప్యాకింగ్‌లో అందరికన్నా చిన్నది, నోరు మాత్రం పెద్దది. "పడుకుంది మిర్తా. ఆమె ఇంట్లో ఎవరు ఎవరికేమవుతారని ఆ రోజు అడిగావా?"

"అడగలేదు. అడక్కపోవడమే మర్యాద."

సగం మంది నవ్వారు, సగం మంది నేల చూపులు చూశారు. ముందు కూడు, తర్వాతే ఇలాంటివన్నీ అన్నారు కొందరు. చర్చివాళ్ళు మన బిస్కెట్లు కొనడం మానేస్తే అని భయపడ్డారు కొందరు. దెల్ఫీనా తలుపు దగ్గర నిలబడి అన్నీ వింటోంది. గంటసేపు వాదన జరిగింది గానీ ఒక్కరూ ఆమె పేరెత్తలేదు.

ఎవరికీ నొప్పి తగలని మాట వెతకడం నా విద్య. బ్యానర్ మీద ఇలా రాద్దాం అన్నాను: "మిర్తాకి మేమందరం తోడు." చప్పట్లు మోగాయి. రూఫీనో కూడా కొట్టాడు.

అప్పుడు దెల్ఫీనా అడిగింది. "మీరందరూ తోడైతే మరి నేనెవర్ని?"

"ఆస్పత్రిలో కూడా అదే అడిగారు, ఏం తోడని," అంది. అక్కడితో ఆపేసింది. నా పేరు చెప్పలేదు, నా వైపు చూడను కూడా లేదు. చెప్పేసి ఉంటే బాగుండేది, నా బరువు దిగేది. అయినా ఏం చేశానో తెలుసా? బ్యానర్‌కి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నాను. చేతులు లేచాయి. అందులో నాదీ ఉంది.

జూన్ అంటే నడి చలికాలం, ఊరేగింపు రోజు చలి ఎముకల్లోకి దిగింది. తెల్ల టోపీలు పెట్టుకుని వందమందిమి వెళ్ళాం. డప్పులు, విద్యార్థులు, టీచర్లు, చేతులు పట్టుకుని నడిచే జంటలు. చర్చి మెట్ల నిండా ఆ చట్టం వద్దనేవాళ్ళ నారింజ రంగు జెండాలు, జపమాలలు. మా బ్యానర్ కర్ర ఒక కొసన నేను పట్టుకున్నాను. ఎదుటి ఫుట్‌పాత్ మీద దెల్ఫీనా ఒంటరిగా నడుస్తోంది. మా ఫ్యాక్టరీ అట్టపెట్టె చింపి చేతిలో పట్టుకుంది. దాని మీద తన చేత్తోనే రాసుకుంది: "నేను మిర్తా సల్గేరో భార్యని. నన్ను మూడు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టారు."

మెట్ల మీంచి ఒక పెద్దావిడ దిగివచ్చి ఆమె దారికి అడ్డం నిలబడింది. "నీకు సిగ్గు లేదా అమ్మా?"

"ఉండేది," అంది దెల్ఫీనా. "ఇరవై రెండేళ్ళు మోశాను. ఇక మీరు ఉంచుకోండి."

ఆ ప్రశ్న వేయాల్సింది ఆమెకి కాదు, రోడ్డుకి ఇవతల కర్ర పట్టుకుని నిలబడ్డ నాకు. కూడలి చేరాక నేను మైకు తీసుకున్నాను. చనిపోయినవాళ్ళని మూడుసార్లు పిలవడం, అందరం కలిసి వాళ్ళ బదులు పలకడం మా ఆనవాయితీ. "తోడు మిర్తా సల్గేరో!" అన్నాను. "హాజరు!" అంది కూడలి మొత్తం. మూడుసార్లూ నేను దెల్ఫీనానే చూశాను. ఆమె పెదవి కదల్లేదు.

మర్నాడు షిఫ్టు మారే వేళకి అసెంబ్లీ పిలిచి, నా కుర్చీలో రూఫీనోని కూర్చోమన్నాను. ఆస్పత్రిలో ఆ అమ్మాయి ఏమడిగిందో, నేనేం చెప్పానో మాట పొల్లు పోకుండా చెప్పాను. అన్న నంబరు ఇచ్చింది నేనేనని చెప్పాను. వెనక క్యూలో ఎవరున్నారో కూడా చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది.

యమీలా "ఛీ" అంది, అంతే. ఆ ఒక్క అక్షరం నాకు ఇప్పటికీ వినపడుతుంటుంది. రూఫీనో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను మర్యాద అనుకున్నది కూడా ఇదే కదా," అన్నాడు, ఎవరితోనో తెలీకుండా.

"నీ ఏడుపు చూసే ఓపిక నాకు లేదు, ఒఫేలియా," అంది దెల్ఫీనా. "ఎల్లుండి కమిటీ ముందు నేను మాట్లాడాలి. దరఖాస్తులో వరస దగ్గర భార్య అని రాశాను. వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే నువ్వు లేచి నన్ను పిలవాలి. సరిగ్గా పిలవాలి."

పిలుస్తానన్నాను.

"ఇంకోటి. జవాబు నేను చెప్తా. మీరెవరూ నోరు తెరవొద్దు. మీరు నాకోసం అరిచిన ప్రతిసారీ నేను కనపడకుండా పోతున్నా."

దీని మీద ఓటు పెట్టాం. ఇద్దరు చేతులెత్తలేదు. రూఫీనో చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది, కానీ లేచింది. బ్యానర్ దించి, చింపి, పొయ్యిలో పడేశాం.

జులైలో ఆ చట్టం వచ్చింది, అది మీకు తెలిసిందే. ఆ వార్త విన్నాక చలిలో కావిలించుకుని గెంతాం. దెల్ఫీనా మాత్రం గెంతలేదు. పెళ్ళాడటానికి ఆమెకి మనిషి లేదు. మీరు గెలుపు అని రాసుకునేటప్పుడు పక్కన ఇది కూడా రాయండి.

ఇక ఆ జూన్ సంగతి. కమిటీ పాత రైల్వే క్లబ్బు హాల్లో కూర్చుంది. సగం హాలు నారింజ జెండాలు, సగం మేము. బిషప్ తరఫున వచ్చిన లాయర్ అరగంట మాట్లాడాడు. కుటుంబం అనే మాట ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. మధ్యాహ్నం అయ్యాక అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని తర్వాతి పేరు చదివాడు. "దెల్ఫీనా అగీర్రే. మృతురాలి సహోద్యోగిని."

దెల్ఫీనా లేవలేదు.

ఆయన మళ్ళీ చదివాడు. మళ్ళీ సహోద్యోగిని అనే. మనిషి లేనట్టుందని పక్కాయనతో అంటూ పేరు కొట్టేయబోయాడు. నేను లేచాను. నా వెనక వరసలో మా వీధి ఆడవాళ్ళు ఇద్దరూ ఉన్నారు, నారింజ రంగు రిబ్బన్లు పెట్టుకుని.

"మిర్తా సల్గేరో భార్య!" అని పిలిచాను.

మా వాళ్ళు వందమంది నోళ్ళు బిగించుకున్నారు. అరవడం అలవాటైన గొంతులు, ఊరుకోవడం వాళ్ళకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ నిశ్శబ్దంలో దెల్ఫీనా లేచి నిలబడింది.

"హాజరు," అంది.

చట్టంలో అలాంటి వరస లేదని, కూర్చోమని అధ్యక్షుడు బల్ల కొట్టాడు. నేను రెండోసారి పిలిచాను. "హాజరు." పోలీసులు నా దగ్గరకి వచ్చారు. ఒకడు నా చెయ్యి వెనక్కి విరిచాడు. మూడోసారి "మిర్తా" అన్నంతవరకే అనగలిగాను, నోటికి అడ్డంగా చెయ్యి పడింది.

మిగతాది వెనక నుంచి వినిపించింది. పొయ్యి పొగకి బొంగురుపోయిన గొంతు అది. "సల్గేరో భార్య!" రూఫీనో నిలబడి ఉన్నాడు. మేరీమాత బిళ్ళ చొక్కా మీదకి వేలాడుతోంది. చర్చి వాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. ఆయన వాళ్ళని చూడటం లేదు.

"హాజరు," అంది దెల్ఫీనా. అప్పుడు మా వాళ్ళంతా లేచారు, ఒక్క మాట లేకుండా. నన్ను తలుపు దాకా ఈడ్చుకుపోతున్నప్పుడు కూడా ఎవరూ కూర్చోలేదు. ఆమె మాట్లాడేదాకా ఎవరూ కూర్చోలేదని, చివరికి అధ్యక్షుడు మైకు ఆమె వైపు తిప్పాల్సి వచ్చిందని తర్వాత చెప్పారు. ఆమె ఏం మాట్లాడిందో నేను వినలేదు. విన్నవాళ్ళని అడిగి తెలుసుకోండి.

స్టేషన్‌లో కానిస్టేబుల్ నా పేరు, వయసు, పని రాసుకున్నాడు. గొడవ ఎవరి గురించి అన్నాడు. మిర్తా సల్గేరో గురించి అన్నాను.

"ఆవిడ నీకేమవుతుంది?"

"తోడు."

"ఏం తోడు?"

కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. హాలు నుంచి మా వాళ్ళంతా నడిచి వచ్చేశారు. ముందు బెంచీ మీద దెల్ఫీనా కూర్చుని ఉంది, ఒళ్ళో ఫ్లాస్కుతో. ఆమె నన్ను క్షమించలేదు, ఇప్పటికీ క్షమించలేదు. అయినా వచ్చి కూర్చుంది.

"పనిలో తోడు," అన్నాను. "భార్య బయట బెంచీ మీద ఉంది. ముందు ఆమెని లోపలికి పిలవండి."