బూడిదరంగు గుడ్డ

టప్… టప్… టప్…

తాడు మీద ఆరేసిన నూలు చిలపల నుంచి ఎరుపు కారుతోంది. కింద పళ్ళెంలో చుక్క మీద చుక్క.

ఆ చప్పుడంటే రంగులక్కకి ప్రాణం.

ఒకప్పుడు.

ఇప్పుడు ఆ చప్పుడు వినపడినప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తోంది — ఎవరైనా ఉన్నారా అని.

ఎవరో ఉన్నారు. ఆమెకి తెలుసు.

సాయంత్రం కళ్ళారా చూసి, సరిపోయిందనుకుని, తాళం వేసి వెళ్ళిన ఎరుపు పొద్దున్నకి అలా ఉండటం లేదు. ముదిరిపోతోంది. మండిపోతోంది. తడి ఆరితే రంగు కాస్త వెలిసిపోవాలి. నూలుకి రంగద్దే పనిలో ఓనమాలు దిద్దినవాళ్ళకి కూడా తెలిసిన సంగతే. ఆరాక ముదిరే ఎరుపు ఎక్కడైనా ఉంటుందా?

ఉండదు.

ఎవరో వచ్చి మళ్ళీ ముంచుతున్నారు.

షెడ్డుకి తాళంచెవులు రెండే. ఒకటి ఆమె మెడలో దారానికి. రెండోది తమ్ముడి జేబులో.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పోనీలే, ఈశ్వరుడికి తీరిక లేకపోతే తానే పడుతుంది.

నేత మిల్లువాళ్ళు ఇప్పటికి రెండుసార్లు సరుకు వెనక్కి పంపారు. అడిగిన ఎరుపు ఇది కాదన్నారు. మూడోసారీ ఇలాగే వస్తే ఇక వేరే చోటు చూసుకుంటామని చీటీ రాశారు.

ఆమె ఎరుపుని కాదన్నవాళ్ళు అంతకు ముందు లేరు. మిల్లు పంపిన నమూనా పోగు పొద్దున్నే ఒక్కసారి చూస్తే చాలు, సొరుగులో పడేసి, రోజంతా మనసులోంచే కలిపేది. పోగు పక్కన పెట్టుకుని పోల్చుకోవడం కొత్తవాళ్ళ పని అని నవ్వేది.

పద్దెనిమిదేళ్ళుగా ఆమె కలుపుతుంది. తమ్ముడు తొట్టి కింద మంట చూస్తాడు. ఒక్కనాడూ రంగుపొడి డబ్బా మూత తీసి ఎరగడు.

ఎరగడా… లేక ఎరగనట్టు ఉన్నాడా?

అనుమానం పెనుభూతం. అది షెడ్డులోకి వచ్చి, పీట వేసుకుని కూర్చుంది.

పెద్దనాన్న ఉన్న రోజుల్లో ఆ చోట ఒక స్టూలు ఉండేది. ఆమెకి పని నేర్పింది ఆయనే. స్టూలు ఎదురుగా గోడకి బూడిదరంగు గుడ్డ వేలాడదీసేవాడు. నాలుగు చిలపలు ముంచగానే ఆమెని లాక్కొచ్చి దాని ముందు కూర్చోబెట్టేవాడు. చూడమనేవాడు. ఇందులో చూడటానికి ఏముందని అడిగితే, ఏమీ లేదు కాబట్టే చూడమనేవాడు.

"కష్టమైన పని దగ్గర మనం జాగ్రత్తగానే ఉంటామే అమ్మాయ్. ఇష్టమైన పనే మనకి తెలీకుండా తినేస్తుంది."

ఆయన పోయాక ఆమె గుడ్డ తీసేసింది. ఎరుపు పిలుస్తుంటే బూడిద ముందు కూర్చోవడమేమిటి? గుడ్డ చేతులు తుడుచుకోవడానికి పనికొచ్చింది. తుడవగా తుడవగా అదీ ఎర్రబడింది.

తరవాత స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు. డబ్బాలు కూర్చున్నాయి.

ఆ రోజు సాయంత్రం ఆమె తమ్ముడి ముందు చెయ్యి చాపింది. తాళంచెవి ఇమ్మంది.

అతను ఇచ్చేశాడు. ఎందుకని అడగలేదు.

అడగకపోవడం కూడా ఆమెకి అనుమానమే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా. వీడు తడుముకోలేదేం?

రెండు తాళంచెవులూ మెడలో వేసుకుంది. తాళం వేసింది. గడియకి అడ్డంగా సన్నటి తెల్లదారం కట్టింది. తలుపు కదిలితే తెగాలి.

పొద్దున్న దారం తెగలేదు.

లోపల ఎరుపు మండుతోంది.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తాళంచెవులు రెండూ గుండెల మీద చల్లగా తగిలాయి.

ఇక మిగిలింది ఒక్క మనిషే. ఆ మనిషి మీద కేసు నడపడానికి ఆమెకి మనసు రాలేదు.

గాలిని అనుమానించింది. నీళ్ళని అనుమానించింది. అద్దాల కిటికీని అనుమానించింది. మర్నాడే మిల్లుకి సరుకు పంపాలి. కొత్త చిలపలు తీసి మళ్ళీ ముంచింది. ఎంత పొడి వేసినా ఎరుపు నీరసంగానే ఉంది. ఇంకా వేసింది. ఇంకా…

చెయ్యి బరువెక్కింది. మొట్టమొదటిసారి ఎరుపుని చూస్తే ఆమెకి కోపం వచ్చింది.

ఆ కోపానికి భయపడింది. ఈ ఇష్టం కూడా పోతే తనకింకేం మిగులుతుంది?

పొద్దు వాలుతుండగా తమ్ముడు వచ్చాడు. చంకలో కొత్తగా రంగద్ది మడతపెట్టిన గుడ్డ. స్టూలు ఎదురుగా, పెద్దనాన్న గుడ్డ వేలాడిన పాత మేకుకే తగిలించాడు. స్టూలు మీది డబ్బాలు కిందపెట్టాడు.

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. రంగు కలపడం ఎప్పుడు నేర్చాడు వీడు? ఎవరి చోటు కోసం నేర్చాడు?

"ఎక్కడ అద్దావురా?"

"ఇంట్లో. గిన్నెలో. తాళంచెవి నీ దగ్గరుందిగా."

ఆ మాటలో పుల్ల విరుపు లేదు. అదే ఆమెకి గుచ్చుకుంది.

కూర్చుంది. చూసింది.

"బూడిద కలపడం కూడా రాలేదు నీకు. ఇది ఆకుపచ్చ."

"బూడిదేనక్కా."

"ఆకుపచ్చ కనిపిస్తోందిరా నాకు."

"నీకు కనిపిస్తోంది."

అంతే అన్నాడు.

కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఎరుపు పట్టినవాళ్ళకి ఏమవుతుందో ఎవరూ సామెత కట్టలేదు.

ఆమె కళ్ళు తిప్పలేదు. గుడ్డ మీద ఆకుపచ్చ… అంచుల దగ్గర కొంచెం పలచబడిందా? లేక వెలుతురు తగ్గిందా? వాడి మాట నమ్మాలా? తన కళ్ళు నమ్మాలా? రోజంతా ఎరుపే చూసి అలిసిన కళ్ళకి సాయంత్రం ఎరుపు నీరసంగా కనిపిస్తే, ఇంకా ఇంకా పొడి వేస్తూ వచ్చింది తానేనా? పద్దెనిమిదేళ్ళు పొగలో నిలబడ్డవాణ్ణి దారం కట్టి పరీక్షించింది. ఆ దారం ఇంకా గడియకే వేలాడుతోంది. సిగ్గేసింది.

వెనక్కి తిరగకుండానే మెడలోంచి ఒక తాళంచెవి తీసింది. అరచేతిలో పెట్టుకుని చెయ్యి వెనక్కి చాపింది.

అడుగుల చప్పుడు లేదు. నిలబడ్డాడా? వెళ్ళిపోయాడా?

చెయ్యి అలాగే ఉంచింది.

వెనక తాడు మీద ఈ రోజు ముంచిన చిలపలు. తిరిగి ఒక్కసారి… ఒక్కసారి చూసుకుంటే…

గుడ్డ ఇంకా కాస్త ఆకుపచ్చగానే ఉంది.

టప్… టప్…

ఏ ఎరుపో ఆమె చూడలేదు.