మొక్కలకు నీళ్లు

మీ దగ్గర దాచడమెందుకు, ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో అందరూ కలిసి ఒక మొక్కని చంపేశారు. కోడలి చెయ్యి కూడా ఉంది అందులో.

ఆమెకి టీబీ. మాత్ర మర్చిపోకుండా రోజూ గుర్తుచేయమని హాల్లో ఉన్న స్మార్ట్ స్పీకరుకి ఫోన్లో ఒక మాట నేర్పిస్తుంటే భర్త ఫోను లాక్కున్నాడు. "మాత్ర అని పెడతావేంటి? పక్కింట్లో వినబడితే అపార్ట్‌మెంటంతా టాంటాం. రేపు స్కూల్లో మన బుజ్జిదాని పక్కన ఎవరూ కూర్చోరు."

అప్పట్నుంచి స్పీకరు రోజూ పొద్దున్నే "మొక్కలకు నీళ్లు పొయ్యాలి" అంటుంది. ఆమె వంటగదిలో మాత్ర మింగుతుంది. ఇంటికెవరైనా వచ్చి ఉంటే అత్తగారు నిజంగానే చెంబు పట్టుకుని బాల్కనీలోకి పరిగెడుతుంది. వెనకే భర్త ఇంకో మగ్గు పోస్తాడు, అనుమానం రాకూడదుగా! ఉన్నది ఒక్క కుండీ. పాపం, వేర్లు కుళ్లి చచ్చిపోయింది.

ఇది గాలి ద్వారా వచ్చేదే తప్ప కంచాల వల్ల రాదని మందులిచ్చే నర్సు చెప్పింది. అయినా ఆమె కంచం వేరయింది. అందరి కంచాలూ తోమే పని మాత్రం వేరు కాలేదు. ఆ చేతి వంటంటే కూడా ఎవరికీ భయం లేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టుకుని జీతం తెచ్చుకునే ఆమె, ఇంట్లో తప్పు కళ్లెదుట కనబడుతున్నా సింకు వైపే చూస్తూ నిలబడింది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి. ఒకరోజు నర్సు ఫోన్ చేసింది, ఇంట్లో పిల్లలుంటే పరీక్షకి తీసుకురమ్మని. ఫోను భర్త ఎత్తాడు. "పిల్లలా? లేరండి," అన్నాడు, బుజ్జిదాన్ని ఒళ్లో పెట్టుకునే. "దానికేంటి, గుండ్రాయిలా ఉంది," అన్నాడు తర్వాత ఆమెతో.

ఇవాళ పొద్దున పైఫ్లాట్ ఆంటీ వచ్చి కూర్చుంది. లోపల బుజ్జిది దగ్గింది. మళ్లీ దగ్గింది.

"ఏంటండీ, పాప నాలుగు రోజులుగా ఒకటే దగ్గు?"

"ఐస్‌క్రీములండీ. చెబితే వింటుందా?" అంది అత్తగారు.

వంటగదిలో ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. తనకీ మొదట్లో ఇలాగే, ఐస్‌క్రీమే అన్నారు. పొయ్యి కట్టేసింది. ఫోను తీసి స్పీకరుకి నేర్పిన లైను కొట్టేసి, ఇంకో లైను రాసింది.

కాసేపటికి స్పీకరు మోగింది. "టీబీ మాత్ర వేసుకోవాలి."

అలవాటు కొద్దీ చెంబు అందుకున్న అత్తగారు అలాగే నిలబడిపోయింది.

"టీబీనా? ఎవరికి?" అంది ఆంటీ.

"నాకేనండీ," అంటూ ఆమె గ్లాసుతో హాల్లోకొచ్చి అందరి ముందే మాత్ర మింగింది. "మందు బాగా పనిచేస్తోంది."

"నీకేమన్నా పిచ్చా?" పళ్ల బిగువున అన్నాడు భర్త.

ఆమె అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. "నర్సమ్మా, మా ఇంట్లో పిల్లలు లేరని మావారు చెప్పారు కదా. పాప ఉందండీ. ఇప్పుడే తీసుకొస్తున్నాను."

బుజ్జిదాన్ని చంకనేసుకుని మెట్లు దిగింది.

ఆ కుండీ ఇంకా బాల్కనీలోనే ఉంది. మీ ఇంట్లో ఏ కుండీకి నీళ్లు పోస్తున్నారు? నాకు రాయండి.