డెబ్బై రెండు కిలోల మనిషి

సాయంత్రం ఆరింటికి కంచం ముందు కూర్చున్న కొడుకును చూసి ఆ తల్లి మురిసిపోయేది. పెట్టిన అన్నం పెట్టినట్టే మాయమయ్యేది. రెండోసారి, మూడోసారి వడ్డించినా వద్దనేవాడు కాదు. కూరగిన్నె అడుగు గీకి, చేయి కడగకుండానే బిస్కెట్ల డబ్బా మీద పడేవాడు. "మావాడిది రాళ్లు తిన్నా అరిగే వయసు" అని ఆవిడ పక్కింటివాళ్లకు గొప్పగా చెప్పుకునేది.

ఇంత తినే మనిషి పగటిపూట మెతుకు ముట్టడన్న సంగతి మాత్రం చెప్పేది కాదు. పొద్దున లేస్తూనే వాంతులు. ఆ తర్వాత స్నానాలగదిలో దూరి, ఒళ్లు ఎర్రబడేంత వేడినీళ్లు గంటసేపు పోసుకునేవాడు. అలా పోసుకుంటేనే కడుపులో తిప్పడం కాస్త తగ్గేది. ఎవరైనా అడిగితే "పైత్యం" అనేది తల్లి. అందరూ తలలూపేవారు. మనవాళ్లకు పైత్యం అని ఒక్క మాట చెబితే చాలు, ఇక ప్రశ్నలుండవు.

అతను కాటాలు బాగుచేసే మెకానిక్కు. కొట్లు, గోదాములు, ఆసుపత్రుల కాటాలన్నీ అతను పనిచేసే రేకుల షెడ్డుకే వచ్చేవి. బాగుచేశాక ఇరవై కిలోల ఇనుప తూకం రాళ్లు పెట్టి సరిచూడాలి. ఆ రాళ్లు మోయడానికి బద్ధకించి అతనొక అడ్డదారి కనిపెట్టాడు. పెద్ద కాటా అయితే తనే ఎక్కి నిలబడేవాడు. ఏళ్ల తరబడి అతని బరువు డెబ్బై రెండు కిలోలు. కాటా డెబ్బై రెండు చూపిస్తే సరే, లేకపోతే డెబ్బై రెండు చూపించేదాకా దాన్ని సవరించేవాడు. "నేను నడిచే తూకం రాయిని" అని జోకులేసేవాడు. షెడ్డు యజమాని కూడా నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఎంత సులువో చూడండి!

ఒక మధ్యాహ్నం ఒక డాక్టరమ్మ వ్యానులో కాటా వేసుకొచ్చి షెడ్డు ముందు దింపించింది. ఆవిడ ముఖం జేవురించి ఉంది.

"వారం కింద మీరే బాగుచేసిచ్చారు. అప్పట్నుంచి మా ఆసుపత్రికి వచ్చినవాళ్లంతా లావైపోయారు! క్షయతో చిక్కిపోయిన ముసలాయన ఆరు కిలోలు పెరిగాడని చూపిస్తే, మందు పనిచేస్తోందని నమ్మి ఇంటికి పంపేశాను. ఆయన ప్రాణానికి ఎవరయ్యా జవాబుదారీ?"

యజమాని కంగారుగా తూకం రాయి తెచ్చి పెట్టాడు. ఇరవై కిలోల రాయి దాదాపు ఇరవై మూడు తూగింది.

"దేంతో సరిచూశావురా?"

"నేనే ఎక్కానన్నా. తొమ్మిది కిలోలు తక్కువ చూపిస్తుంటే సెట్ చేశా."

యజమాని రాళ్లతో కాటాను సరిచేసి, అతన్ని ఎక్కమన్నాడు. అరవై మూడు. దిగి మళ్లీ ఎక్కాడు. అరవై మూడే. తన ఒళ్లు కరిగిపోతుంటే కాటాది తప్పన్నాడు ఆ మహానుభావుడు!

డాక్టరమ్మ అతని బెల్టు వైపు చూసింది. మేకుతో పొడిచిన కొత్త చిల్లులు మూడున్నాయి. ఎర్రబడిన అతని కళ్లు, చొక్కాకు పట్టిన పొగ వాసన కూడా ఆవిడ గమనించింది.

"పొద్దున్నే వాంతులవుతున్నాయా? వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతోందా?"

అతను తెల్లబోయి తలూపాడు.

"గంజాయి ఎన్నాళ్లనుంచి?"

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. తినడని తెలిసినా అతనికి క్యారియర్ తెచ్చిన తల్లి అక్కడే నిలబడి ఉంది.

"నాలుగేళ్లు, డాక్టరమ్మా. అది మాత్రం మానిపించకండి. అది పీలిస్తేనే వాడు నాలుగు ముద్దలు తింటాడు. వాడి స్నేహితుడొకడు, గోడలకు రంగులేస్తాడు, ఆకలికి మంచి మందని అలవాటు చేశాడు. తాగొచ్చి గోల చేసేవాళ్లకంటే నయం కదా అని నేనూ ఊరుకున్నాను."

తెలుసు! నాలుగేళ్లుగా ఆ తల్లికి తెలుసు. చదివే మీకు ఒళ్లు మండిందో లేదో గానీ, రాస్తున్న నాకు మండుతోంది.

"మందా?" అంది డాక్టరమ్మ. "పీలిస్తే కాసేపు ఆకలేస్తుంది, నిజమే. ఆ కాసేపు చూసే మీరు మోసపోయారు. ఏళ్ల తరబడి పీల్చేవాళ్లలో కొందరికి ఇలా వాంతులు పట్టుకుంటాయి, తిన్నది ఒంటికి పట్టదు. తగ్గుతాయని ఇంకా పీలుస్తారు, అవి ఇంకా పెరుగుతాయి. ఒంట్లో నీరంతా పోయి మూత్రపిండాలు దెబ్బతింటే మనిషే దక్కడు. పరీక్షలు చేస్తాను, కానీ అసలు వైద్యం మానెయ్యడమే. మానిన కొత్తలో కొన్నాళ్లు అన్నం సయించదు, నిద్ర పట్టదు, చిరాకు. అప్పుడు మీ మనసు కరిగిందంటే మళ్లీ మొదటికే వస్తుంది."

అతను మానేశాడు. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొచ్చేది. బరువు అరవై ఒకటికి దిగింది. తల్లి వంటింట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

తొమ్మిదోరోజు పొద్దున రంగులేసే స్నేహితుడు గుమ్మంలోకి వచ్చి చిన్న పొట్లం తీశాడు.

"పిన్నీ, వాడు చిక్కి సగమయ్యాడట కదా. ఒక్క దమ్ము లాగితే కడుపారా తింటాడు."

లోపల్నుంచి కొడుకు గొంతు వినిపించింది. "అమ్మా, తీసుకోవే. ఈ ఒక్కసారికే."

ఆవిడ చేయి ముందుకు చాచింది. పొట్లం అందుకుంది. వెనక్కి తిరిగి, మంచం మీద ఎముకల గూడులా కూర్చున్న కొడుకును చూసింది. అంతే, ఆ పొట్లాన్ని మురుగుకాలువలోకి విసిరికొట్టి, స్నేహితుడి చొక్కా పట్టుకుని వీధిలోకి ఈడ్చింది. చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. నాలుగేళ్లు ఎవరికి తెలియకూడదని దాచిందో, వాళ్లందరి ముందూ గొంతు చించుకుని అరిచింది.

"వినండి అందరూ! నా కొడుక్కి పైత్యమని మీకు అబద్ధం చెప్పాను. వాడు గంజాయి పీలుస్తాడు, అలవాటు చేసినవాడు వీడు, తెలిసీ దాచినదాన్ని నేను! గంజాయి పుట్టించిన ఆకలిని చూసి వాడు బాగున్నాడనుకున్నాను, వాణ్ణి నా చేతులతో నేనే సగం చంపుకున్నాను. మీ ఇళ్లల్లో నాలా నోరు మూసుకున్న తల్లి ఉంటే ఇవాళే నోరు విప్పమనండి, రేపటికి బిడ్డ మిగలకపోవచ్చు!"