మాజీ అధ్యక్షుడికి గొడుగు పట్టిన జమేదారు

పటాన్‌చెరు చుట్టుపక్కల వారెంటు అనే మాట వినపడితే జనానికి కోర్టు కంటే ముందు హెడ్ కానిస్టేబుల్ సంగప్ప గుర్తొచ్చేవాడు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆయన చేతికిచ్చిన వారెంటు ఒక్కటి కూడా ‘మనిషి దొరకలేదు’ అన్న రాతతో వెనక్కి పోలేదు. అలాగని దొంగల వెంట పరుగులు తీసేవాడు కాదు. ఆ పొట్టతో తీయలేడు కూడా. వెళ్లి వాళ్లింటి ముందు కూర్చునేవాడు, అంతే. ఇస్నాపూర్‌లో ఒకడు తన నిశ్చితార్థం విందులో దొరికితే, పెరుగన్నం దాకా తిననిచ్చి, చెయ్యి కడుక్కున్న తర్వాతే వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నం కాడ మనిషిని లేపొద్దు," అనేవాడు. అది ఏ చట్టంలోనూ లేదు. సంగప్ప సొంతం.

2006 నవంబరులో ఒక ఉదయం, నూరుద్దీన్ హోటల్లో చాయ్ తాగుతున్న సంగప్పకు ఆ పేరే ముప్పు తెచ్చింది.

నూరుద్దీన్‌కు రోజూ ఉర్దూ పేపర్ చదివి, అందులోని సంగతులు గిరాకీలందరికీ తెలుగులో చెప్పే అలవాటు. ఆ రోజు మొదటి పేజీ చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. ఆఫ్రికాలో ఒక చిన్న దేశానికి పదకొండేళ్లు అధ్యక్షుడిగా చేసిన పెద్దమనిషి, వచ్చే గురువారం ఊరి బయటి జొన్న పరిశోధన కేంద్రాన్ని చూడటానికి వస్తున్నాడట. ఆయన ఏలుబడిలో వేలమంది మాయమైపోయారని యూరప్‌లో ఒక కోర్టు ఆయన మీద వారెంటు తీసిందట.

"జమేదార్ సాబ్, వారెంటున్న మనిషి నీ ఇలాఖలకే నడుచుకుంట వస్తుండు," అన్నాడు నూరుద్దీన్. "జర కూసోని పట్టుకో."

హోటలంతా నవ్వింది. కాజీపల్లి మందుల కంపెనీలో యూనియన్ నడిపే ఐలన్న మాత్రం నవ్వలేదు. ఆయనకు ప్రతి విషయం మీదా ఒక వాదన ఉండేది, అది ఎప్పుడూ ఎదుటివాడి వాదనకు అడ్డంగానే ఉండేది.

"ఆ కోర్టు ఎవలది? మనల్ని ఏలినోళ్లది, ఆళ్లను ఏలినోళ్లది. ఆళ్ల లీడర్లు బాంబులేస్తే ఎన్నడన్న వారెంటు తీసిండ్రా? చిన్న దేశపోడు దొరికిండని పడుతరు. రేపు మన మంత్రి ఆడికి పోతే పట్టుకుంటమంటరు. ఊకుంటవా?"

"తప్పు జేస్తే పట్టుకోనీ భయ్," అన్నాడు నూరుద్దీన్. "ఈడనైతే పట్టరాయె. ఎవలో ఒకలు పట్టాలె గద."

"దేశమంటె ఇజ్జత్ లేదా?"

"సచ్చినోళ్లకు లేదా?"

ఇద్దరూ ఒకేసారి సంగప్ప వైపు తిరిగారు. సంగప్ప సాసర్‌లో పోసుకున్న చాయ్ ఊదుకుంటూ, "జడ్జి సంతకం, ముద్ర ఉన్నయా లేవా? ఉంటె అది వారెంటే," అన్నాడు. మళ్లీ నవ్వులు లేచాయి.

అప్పుడు వెనక గుమ్మంలోంచి నూరుద్దీన్ అక్క సర్వర్ బేగం పిలిచింది. హోటల్ వెనకే ఆమె ఇల్లు. పై గదిలో రెండేళ్లుగా ఒక ఆఫ్రికా అమ్మాయి కిరాయికి ఉంటోంది. పేరు న్యేలా. జొన్న కేంద్రంలో విత్తనాల పని నేర్చుకుంటోంది. సర్వర్ బేగం నోట్లో పడి ఆ పేరు నీలా అయింది. నీలాకు వచ్చిన తెలుగు కూడా బేగం దగ్గర నేర్చుకున్నదే, అందుకే సగం ఉర్దూలో ఉండేది.

"సంగప్ప భాయ్, ఈ పిల్ల రెండు రోజులసంది అన్నం ముడుతలేదు. నువ్వే సమజ్ జెయ్యి," అంది బేగం.

నీలా మంచం మీద కూర్చుని ఉంది. వాళ్ల దేశంలో ఆమె అన్నయ్య బడిపంతులు. ఒక రోజు మధ్యాహ్నం బడి జరుగుతుండగా జీపులో వచ్చిన పోలీసులు ఆయన్ని తీసుకుపోయారు. పిల్లలు చూశారు. తర్వాత మనిషి లేడు. అప్పుడు ఆ దేశానికి అధ్యక్షుడు ఈ వచ్చే అతిథే.

"జమేదార్ సాబ్, నాకు ఎరుకే. మీరు పట్టుకోలేరు," అంది నీలా. "ఒక్క కామ్ చెయ్యుండ్రి. అతను నడుస్తున్నడా, చూసి చెప్పుండ్రి."

సంగప్పకు అర్థం కాలేదు. ఆమె నిదానంగా వివరించింది. ఆ అధ్యక్షుడి వకీళ్లు కోర్టుకు డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చారు. ఆయనకు కాళ్లు పడిపోయాయి, నోటికి ముద్ద పోదు, మనుషుల్ని గుర్తుపట్టలేడు, కాబట్టి వారెంటు కొట్టెయ్యండి అని. విమానాశ్రయాల్లో ఫోటోలవాళ్ల ముందు చక్రాల కుర్చీలోనే కనిపిస్తాడు. కేంద్రంలోకి ఫోటోలవాళ్లను రానివ్వరు. ఆయన దేశం వాళ్లనైతే ఆ రోజు సెలవు పెట్టుకోమన్నారు.

"నడిస్తె జెప్త. నడవకున్నా జెప్త," అన్నాడు సంగప్ప. "నువ్వు జర అన్నం తిను బిడ్డా."

ఠాణాకు వెళ్లి ఇన్‌స్పెక్టర్ సత్తిబాబు ముందు నిలబడ్డాడు. సత్తిబాబుది కోనసీమ. మెతక మనిషి. రిటైర్మెంట్ దాకా ఏ గొడవా లేకుండా ఉంటే చాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు.

"సార్, గురువారం వచ్చే సాబ్ మీద వారెంటున్నదట."

సత్తిబాబు చేతిలోని కలం కింద పెట్టేశాడు. "ఏవయ్యా సంగప్పా, నన్ను బతకనివ్వవా? అది మన కోర్టుది కాదు. మన దేశం ఆ కోర్టుకి ఏ మాటా ఇవ్వలేదు. పట్టుకోవాలంటే ఢిల్లీ చెప్పాలి. ఢిల్లీ ఏం చెప్పిందో తెలుసా? సకల మర్యాదలూ చెయ్యమంది."

"అడిగితె తప్పు లేదు గద సార్. అడిగిన, అంతే."

"నువ్వు అడిగితేనే నాకు భయంగా ఉంది." సత్తిబాబు మళ్లీ కలం అందుకున్నాడు. "నువ్వు ఆయన పక్కనే ఉండు. గొడుగు పట్టు. నీ చెయ్యి ఖాళీగా లేకపోతే నాకు నిద్ర పడుతుంది."

"నవంబరు ఎండకు గొడుగెందుకు సార్?"

"పెద్దోళ్ల గొడుక్కి ఎండతో పనేంటయ్యా?"

గురువారం పదిన్నరకు కార్లు వచ్చాయి. ముందు చక్రాల కుర్చీ దించారు. అందులో అతిథిని కూర్చోబెట్టి, తలుపు దగ్గర పూలదండ వేసి, లోపలికి తోసుకెళ్లారు. తెల్ల జుట్టు, బొద్దు మొహం, చేతిలో వెండి పిడి కర్ర. సంగప్ప నల్ల గొడుగు విప్పి వెనకే నడిచాడు. కుర్చీలో మనిషిని చూస్తే నిజంగానే జాలేసింది. నీలాకు ఏం చెప్పాలిరా దేవుడా అనుకున్నాడు.

జొన్న చేల దగ్గరికి రాగానే కుర్చీ చక్రాలు నల్లరేగడిలో దిగబడ్డాయి. తోసేవాళ్లు తంటాలు పడుతున్నారు. అతిథి చుట్టూ చూశాడు. కెమెరా ఒక్కటీ లేదు. విసుగ్గా ఏదో అని, లేచి నిలబడి, కర్ర పక్కవాడి చేతికిచ్చి, చేలోకి దిగాడు.

ఆ తర్వాత సంగప్పకు ఆయనతో సమానంగా నడవడమే కష్టమైంది. మనిషి గట్టు ఎక్కుతాడు, కాలువ దాటుతాడు, వంగి మట్టి తీసి వాసన చూస్తాడు, ఏ కంకికి ఏ పేరో పట్టీ చదవకుండానే చెప్పేస్తాడు. గొడుగు ఒకచోట, ఆయనొకచోట. చివరికి ఆయనే ఆగి, రొప్పుతున్న సంగప్ప భుజం తట్టి, ఇంగ్లీషులో పేరు అడిగాడు.

"సంగప్ప, సార్."

"పిల్లలెందరు?"

"టూ డాటర్స్, సార్."

అయితే నువ్వు అదృష్టవంతుడివి అన్నాడాయన. తన కూతుళ్ల గురించి చెప్పాడు. హాయిగా, గట్టిగా నవ్వాడు. సంగప్ప కూడా నవ్వాడు, నవ్వాక తన మీద తనకే కోపం వచ్చింది.

భోజనాల్లో జొన్నరొట్టెలు పెట్టారు. అతిథి ఒకటి తిని, ఇంకోటి అడిగి, మూడోది వెల్లుల్లి కారంలో అద్దుకుని తిన్నాడు. సంగప్ప అలవాటుగా గోడ పక్కన నిలబడి, చెయ్యి ఎప్పుడు కడుక్కుంటాడా అని చూస్తున్నాడు. కడుక్కున్నాడు. సంగప్ప కుడిచెయ్యి దానంతటదే కాస్త లేచింది. గదికి అవతలి వైపు నుంచి సత్తిబాబు గుటక మింగాడు. సంగప్ప చెయ్యి దించి, గొడుగు అందుకున్నాడు.

కారు దగ్గరికి రాగానే అతిథి మళ్లీ కుర్చీలో కూర్చుని తల ఒక పక్కకు వాల్చేశాడు.

నాలుగు గంటలకు సంగప్ప ఠాణాకు వచ్చాడు. బందోబస్తు నుంచి తిరిగొచ్చినవాడు ఠాణా జనరల్ డైరీలో ఆ సంగతి రాసి సంతకం పెట్టాలి. మామూలుగా అందరూ ‘బందోబస్తు ప్రశాంతం’ అని రెండు ముక్కలు రాస్తారు. సంగప్ప కుర్చీ లాక్కుని కూర్చుని, గంటసేపు రాశాడు.

‘అతిథి గారు ఉదయం 10.50కి చక్రముల కుర్చీ నుండి స్వయముగా లేచి, చేతికర్ర లేకుండా, సుమారు రెండు కిలోమీటర్లు చేలలో నడిచినారు. కాలువ రెండుమార్లు దాటినారు. నా పేరు, సంతానము అడిగి తెలుసుకొని, గంట తరువాత నన్ను పేరు పెట్టి పిలిచినారు. మధ్యాహ్నము మూడు జొన్నరొట్టెలు భుజించినారు. నేను వారి వెంట గొడుగు పట్టుకొని యుంటిని. వీరిపై విదేశీ కోర్టు వారెంటు కలదని పత్రికలో వచ్చినది. అమలు చేయుటకు మాకు ఉత్తర్వులు లేవు.’

మర్నాడు సత్తిబాబు ఆ పేజీ చదివి తల పట్టుకున్నాడు. పేజీలకు నంబర్లుంటాయి, చింపడానికి లేదు. కార్బన్ కాపీ అప్పటికే పై ఆఫీసుకు పోయింది.

"మూడు రొట్టెలు తిన్నాడని ఎవడు రాయమన్నాడయ్యా నిన్ను?"

"సూసింది రాయాలె గద సార్. రెండని రాస్తె అబద్ధమైతది."

సంగప్ప నీలాకు మాట ఇచ్చినట్టే ఆ సాయంత్రం అంతా చెప్పాడు, డైరీ సంగతితో సహా. చివర్లో తల దించుకుని, "మనిషి మంచిగనే మాట్లాడిండు బిడ్డా. నేను నవ్విన," అన్నాడు.

"అందరితో మంచిగనే మాట్లాడతడు," అంది నీలా. "మా అన్న కూడా అతనికే ఓటు వేసిండు."

వారం తిరక్కుండా ఠాణాకు ఒక దరఖాస్తు వచ్చింది. సమాచార హక్కు చట్టం వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఆఫీసుల్లో ఆ పేరంటేనే గుబులు. నీలా పరదేశి కనుక ఆమె అడగడానికి లేదు. అడిగింది సర్వర్ బేగం. నవంబరు పదహారో తేదీ డైరీ పేజీ నకలు కావాలి, ఠాణా ముద్రతో.

"ఈవిడకి దీంతో ఏం పనయ్యా?" అని సత్తిబాబు అడిగాడు.

"నాకు తెల్వది సార్," అన్నాడు సంగప్ప. అది ఆయన సర్వీసులో చెప్పిన కొద్ది అబద్ధాల్లో ఒకటి.

ఇవ్వకుండా ఉండటానికి సత్తిబాబుకు దారులున్నాయి. పరాయి దేశాలతో సంబంధం అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఇరవై రోజులు ఆ కాగితం బల్ల మీదే ఉంది. ఆయన రోజూ దాన్ని తీసి చదివేవాడు, పెట్టేసేవాడు. ఇరవై ఒకటో రోజు సంగప్పను పిలిచి, "ఆ అమ్మాయి అన్నయ్య ఏం చేసేవాడన్నావు?" అని అడిగాడు. సంగప్ప ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఊళ్లో నూరుద్దీన్ చెప్పని సంగతి ఏముంటుంది?

"పంతులు, సార్."

"మా నాన్న కూడా పంతులేనయ్యా." సత్తిబాబు ముద్ర తీసి, నకలు మీద గట్టిగా వేశాడు. "జొన్నరొట్టెలు రాజ్యరహస్యం కాదుగా. పట్టుకెళ్లు."

ఆ నకలు ఇంగ్లీషులోకి మారి, నీలాతో పాటు విమానమెక్కింది. కోర్టు ఆమెను సాక్షిగా పిలిచింది. ఇక్కడ సంగప్పకు ‘అనవసర వివరములు’ రాసినందుకు మెమో వచ్చింది, దాని వెనకే సంగారెడ్డి కోర్టు డ్యూటీకి బదిలీ వచ్చింది. పైవాళ్లు అది శిక్ష అనుకున్నారు. సంగప్ప ఇల్లు ఆ కోర్టుకు కూతవేటు దూరం.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సంగప్ప పటాన్‌చెరు వచ్చి నూరుద్దీన్ హోటల్లో కూర్చుని ఉండగా, సర్వర్ బేగం సెల్‌ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నీలా. కోర్టు ఆ సర్టిఫికెట్‌ను నమ్మలేదు, వారెంటు అలాగే ఉంచింది.

"పట్టుకున్నరా?" అని ఐలన్న పక్కనుంచి అరిచాడు.

"ఇంకా లేదు. తన దేశంలనే ఉన్నడు. ఇగ బయటికి పోడు," అంది బేగం.

"సూసినవా?" అన్నాడు ఐలన్న నూరుద్దీన్‌తో. "మరి ఏం ఫాయిదా?"

"పదకొండేండ్లు అందర్ని ఇంట్ల కూసోబెట్టినోడు, ఇప్పుడు ఆడే ఇంట్ల కూసున్నడు. అది ఫాయిదా కాదా?" అన్నాడు నూరుద్దీన్. వాళ్లిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు.

సంగప్ప బేగం దగ్గర ఫోన్ తీసుకుని, ఒక చెవి మూసుకుని రెండో చెవికి పెట్టుకున్నాడు.

"జమేదార్ సాబ్, ఆయన వకీలు నన్ను అడిగిండు," అంది నీలా. "రొట్టెలు గూడ లెక్కపెట్టి రాసే పోలీసు దునియాల ఎక్కడన్న ఉంటడా, ఇది దొంగ కాగితం అని."

"మరి నువ్వేమన్నవ్?"

"మా అన్నను తీస్కపోయిన రోజు మా ఠాణాలో ఒక్క అక్షరం రాయలేదు అన్న. ఆ రోజు మీ లెక్క ఒక్క మనిషి ఉంటే, నేను ఇక్కడ దాకా రాకపోదును అన్న."

సంగప్ప ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. సర్వర్ బేగం ఆగలేక ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని, "నీలా, ఆ సలిదేశంల నూనె పెట్టుకుంటున్నవా తలకు? పొద్దుగాల ఏం తిన్నవ్? అబద్ధం జెప్పకు," అని గద్దించడం మొదలుపెట్టింది.