ఎదురొచ్చే మనిషి

లారీ ట్యూబులో గాలి నింపి, గంగాళం నీళ్ళలో కొంచెం కొంచెంగా ముంచి తిప్పుతోంది అమ్మణ్ణి. బుడగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడ. మాఘమాసం వచ్చిందంటే ఆ ఇంట్లో ఇది ఆమె పని. భర్త త్రినాధరావు ఏటా పసుపు బేరానికి కొండలెక్కుతాడు. చింతపల్లి దాకా బస్సు, అక్కణ్ణించి మూడు రోజుల నడక, ఆపైన సీలేరు. అక్కడ పడవ ఉండదు. మడతపెట్టి మోసుకెళ్ళిన ట్యూబుల్ని ఒడ్డున ఊది, వెదురు బొంగులకు కట్టి తెప్ప చేసుకుంటారు. అవతలి గూడేలకి అదొక్కటే దారి.

పదకొండేళ్ళుగా ఆ ట్యూబులకి అతుకులు వేసేది ఆమే. అటుకులు దంచేదీ, మూటలు కట్టేదీ ఆమే. మూట ఎంత బరువుంటే భుజం కోయదో చేత్తో ఎత్తి చెప్పగలదు. ఆ తెప్ప తేలడం మాత్రం ఒక్కసారీ చూడలేదు. కాపరానికొచ్చిన కొత్తలో తనూ వస్తానంటే ఆయన నవ్వేడు. "అడివికి ఆడోళ్ళెందుకే? పులికి మట్టెల సప్పుడు ఇనిపిత్తావేటి?" సరుకు చూపించకుండానే బేరం తెంచేశాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఈ ఏడు భోజనం దగ్గర తాపీగా అన్నాడు. "గాజుల మదీనాబీ వత్తాది మాతోటి. తమ్ముడు రహమానూ ఉంటాడ్లే. గూడెం ఆడోళ్ళు మగాడి సేత గాజులేయించుకోరు కదా. గాజుల కాడికి ఆళ్ళొత్తే, ఆళ్ళెనకే పసుపూ వత్తాది."

"దాన్ని పులి తినదేటి?"

"అది ఏపారమే! నీకర్తం కాదు."

ఆ మాటతో అమ్మణ్ణి గుండెలో పొయ్యి రాజుకుంది. మదీనాబీకి ముప్ఫై దాటలేదు, మొగుడు పోయాడు, నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. ఆ నవ్వు తెప్ప మీద ఎలా మోగుతుందో ఊహించుకుంటూనే కంచాలు తీసింది. అతుకు వేస్తుంటే ఒకసారి, గట్టిగా అంటించకుండా వదిలేద్దామన్న పాపపు బుద్ధీ పుట్టింది. తన చేతిపనికి తానే మచ్చ తెచ్చుకోలేక నొక్కి అంటించింది.

రెండు రోజులాగి మదీనాబీ వచ్చి గుమ్మంలో కూచుంది. "అక్కా, నడకకి సెప్పులు మంచివా, ఉత్త కాళ్ళా?"

"నాకేటి తెలుసు? నేనెప్పుడెల్లేను?"

"అరె! తెప్ప నీదంటారు, మూటలు నీవంటారు. ఏటేటా నువ్వే ముందుండి నడిపిత్తావనుకున్నానే!" నిజంగానే ఆశ్చర్యపోయింది మదీనాబీ. "ఏరు దాటినాక అవతల ఏటుంటాదో అదైనా సెప్పవూ?"

మదీనాబీ వెళ్ళిపోయాక అమ్మణ్ణి తన అసూయని తక్కెట్లో పెట్టి చూసుకుంది. అందులోంచి మొగుణ్ణి తీసేసింది. ముల్లు కదల్లేదు. ఏటిని తీసేసింది. తక్కెడ తేలిపోయింది.

ప్రయాణం రోజు తెల్లవారగానే ముహూర్తం. ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. పసుపు రాసుకున్న ఇల్లాలు చెంబుతో నీళ్ళు పట్టుకుని ముందుగా వీధి మలుపు దాకా వెళ్ళాలి. మగాడు గడప దాటగానే తిరిగి ఎదురు రావాలి. అంటే ఏటా ఆయన దారిలో ఆమెకి దక్కేది ఇరవై అడుగులు. అదీ వెనక్కి తిరిగొచ్చేందుకే.

ఈసారి కుడిచేతిలో చెంబు, ఎడమచంకలో మూట. ముడి చూసి, గడప దగ్గర నిలబడ్డ అత్త అనుకుంది, కొడుక్కి అందించే ఇంకో మూట కాబోలని. అమ్మణ్ణి మలుపు దాకా నడిచింది. త్రినాధరావు గడప దాటి నిలబడ్డాడు. ఆమె చెంబు వంచి గుక్కెడు నీళ్ళు తాగి, మిగిలినవి పారబోసి, బస్సు స్టాండు వైపు తిరిగింది. అక్కడ మదీనాబీ ఎదురుచూస్తూ ఉంటుంది.

"ఏయ్—" అంటూ త్రినాధరావు నోరు తెరిచాడు.

అత్త చటుక్కున కొడుకు నోరు మూసేసింది. అరవై ఏళ్ళ అలవాటు, ఆలోచన కన్నా ముందు చెయ్యి లేచింది. "ఎనకనించి పిలవకురా! దూరం ఎల్లే మనిసిని ఎనకనించి పిలిత్తే కీడు!"

తానేమన్నదో అత్తకి అర్థమై చెయ్యి తీసేలోపు, అమ్మణ్ణి ఇరవై ఒకటో అడుగు వేసేసింది.